వీపు మీద మోయగలిగినంత

తప్పులుంటే మన్నించండి. అక్షరాలు నాకు ముసలితనంలో వచ్చాయి, చెయ్యి ఇంకా నెమ్మదే. పక్కన కూర్చున్నావిడ తప్పు దొర్లినప్పుడల్లా నా వేళ్ల మీద ఒక్కటేస్తోంది. సగం దిద్దింది ఆవిడే.

"రేపు ఆ కథ చెప్పకండి," అంది హసీబా.

అబూ నాజీ రొట్టెముక్కను నూనెలో అద్దుకుని నోట్లో పెట్టుకున్నాడు. కాఫీ దుకాణంలో ఎత్తు కుర్చీ ఎక్కి కథలు చెప్పడం అతని బతుకుతెరువు.

"చెప్పకపోతే జనం నన్ను బతకనిస్తారా? కోట ఆడవాళ్లని గుమ్మంలో నిలబెట్టి వచ్చాను."

"మన వీరుల కథలు చెప్పుకోండి. ఎవరూ తప్పుపట్టరు."

"అవి చంటిపిల్లలకీ కంఠతా వచ్చు. నేను నోరు తెరిచేలోపు గుర్రం పేరు వాళ్లే చెప్పేస్తారు. ఇది డమాస్కస్‌లో ఒక్కడూ విననిది. ఇవాళ దుకాణంలో దగ్గినవాడు లేడు, తెలుసా?"

ఆ కథ అతనికి రైలు పట్టాలు వేసే రోజుల్లో ఒక జర్మన్ మేస్త్రీ దగ్గర దొరికింది. వాళ్ల దేశంలో ఎప్పుడో ఒక రాజు కొండమీది కోటను ముట్టడించాడట. మగవాళ్లందర్నీ చంపుతానని ఒట్టు పెట్టుకున్నాడట. ఆడవాళ్లు మాత్రం వీపు మీద మోయగలిగినంత తీసుకుని వెళ్లిపోవచ్చన్నాడట. ఏం మోసుకెళ్లారు? అబూ నాజీ కర్రతో బల్ల మీద కొట్టి సరిగ్గా అక్కడే ఆపాడు. రోజూ అలాంటి చోటే ఆపుతాడు. బంగారమని సగంమంది, పిల్లలని సగంమంది కొట్లాటకు దిగారు. ఇప్పుడే చెప్పకపోతే ఇంటికొచ్చి తలుపు బద్దలుకొడతానని కసాయి అబూ దీబ్ బెదిరించాడు కూడా.

హసీబా భయం కసాయిని చూసి కాదు. ఊరి నిండా ఫ్రెంచి సైన్యం ఉంది. పక్క పేటలో ముట్టడి కథ చెప్పిన ముసలాయన్ని కుర్చీ మీంచే లాక్కుపోయారు. చివరికి అతని చెప్పులు మాత్రం ఇంటికొచ్చాయి. ఇప్పుడు అబూ నాజీ కథకి బూడిద కోటు మనిషి ఒకడు రోజూ వస్తున్నాడు. ఫ్రెంచివాళ్ల వేగని పేటంతా గుసగుస. స్తంభం పక్కన కూర్చుంటాడు. నవ్వడు. కాఫీ చల్లారిపోయినా ముట్టుకోడు. హసీబా కిటికీలోంచి రెండుసార్లు చూసింది. ఆ కోటుకు ఒక గుండీ ఆకుపచ్చ దారంతో కుట్టి ఉంది. ఆ గుండీ ఆమెకు కలలోకి వస్తోంది.

"బూడిద కోటుకి ఆకుపచ్చ దారమేమిటండీ?"

"కుట్టినవాళ్లకి కళ్లు కనబడవేమో. దానికీ భయపడితే ఎలా?" అని అబూ నాజీ నవ్వాడు.

మర్నాడు మధ్యాహ్నం అతను తలపాగా చుట్టుకుంటుండగా ఎవరో తలుపు తట్టారు. హసీబా తలుపు సందులోంచి చూసింది. ముందు ఆకుపచ్చ దారం కనిపించింది. ఆమె భర్తను పరుపుల వెనక్కి తోసి గడియ తీసింది.

"ఆయన ఇంట్లో లేరు."

"మంచిది," అన్నాడు అతను. లోపలికి వచ్చి తలుపు తనే మూశాడు. "అక్కా, ఆ ఆడవాళ్లు ఏం మోసుకెళ్లారు?"

ఏ జవాబు చెబితే భర్త మెడకు చుట్టుకుంటుందో హసీబాకు తెలియలేదు.

"నా కోసం అడగట్లేదు. రోజూ విన్నది ఇంటికెళ్లి చెప్తాను. నిన్న సగంలో ఆపేసరికి మా ఆవిడ నన్ను నిద్రపోనివ్వలేదు. వంట కూడా మానేసింది."

"మొగుళ్లని," అంది హసీబా, ఉన్నదో లేదో అన్నంత గొంతుతో. "ఒక్కొక్కతీ తన మొగుణ్ని వీపు మీద వేసుకుని నడిచింది."

అతను పరుపుల వైపు చూశాడు.

"సందు రెండు చివర్లా సిపాయిలున్నారు. మగవాళ్లనే ఆపుతారు. పొద్దున్నించీ ఆడవాళ్లు పరుపులు మోసుకుని ఉన్ని ఉతకడానికి ఏటికి పోతూనే ఉన్నారు. మీ పరుపు ఉతికి ఎన్నాళ్లయింది?"

పరుపుల వెనక నుంచి అబూ నాజీ తల బయటికొచ్చింది. "మూడేళ్లు," అన్నాడు. "బద్ధకం ఎక్కువ దీనికి."

"నోరు మూసుకుని పడుకోండి," అంది హసీబా.

పరుపులోని ఉన్ని సగం లాగేసి, ఎండిన అంజూరపండులాంటి ఆ మనిషిని అందులో చుట్టారు. మూటను ఆమె వీపు మీదికి ఎత్తింది ఆ కోటు చేతులే. సందు చివర సిపాయి తుపాకీ అడ్డం పెట్టాడు. మూటలోని మనిషి ఊపిరి బిగబట్టాడు.

"పోనివ్వు," అన్నాడు వెనకనుంచి కోటు మనిషి. "నేను చూశాను. ఉన్నే."

తుపాకీ పక్కకు జరిగింది. ఆమె ఏరు దాటి పండ్ల తోటల్లోకి వెళ్లేదాకా మూట దించలేదు.

ఆ సాయంత్రం సిపాయిలు తలుపు పగలగొడితే లోపల ఉన్ని తప్ప ఏమీ దొరకలేదు. పోనివ్వమన్నది ఎవరో వాళ్లకి బాగా గుర్తుంది. స్తంభం పక్క చోటు ఆ తర్వాత ఖాళీగానే ఉండిపోయింది.

గొడవలు సద్దుమణిగి ఊరికి తిరిగొచ్చాక హసీబా అతని ఇల్లు వెతకడం మొదలుపెట్టింది. కథ ముగింపు ఆ ఇంటికి చేరలేదని ఆమెకు తెలుసు. అతని పేరు తెలియదు. తెలిసిందల్లా దారం రంగు.

నా పేరు వదాద్, అరవై తొమ్మిదేళ్లు. ఇప్పుడు ఉండేది డమాస్కస్‌లోనే, హసీబా ఇంటి మేడగదిలో.

ఆ గుండీ కుట్టింది నేనే.