సుద్ద గీత

“మూడోసారి బాలేష్! బ్రేకు బాగుచేశానన్నావు. ఏదీ, ఆగిందా?”

మేడ్చల్ బస్టాండు దాటాక రోడ్డు పక్కనున్న మెకానిక్ షెడ్డు ముందు బుల్లెట్ నిలబెట్టి వెంకటరామయ్య అరిచాడు. వెనక సీటు దిగిన ఆయన భార్య కామేశ్వరమ్మ కుచ్చిళ్లు సర్దుకుంటూ బండికి రెండడుగులు దూరం జరిగింది.

“షామీర్‌పేట చెరువు మలుపులో గేదె మూతి నా మోకాలికి రాసుకుందయ్యా,” అందామె బాలేష్‌తో. “ఇక నేనీ బండి ఎక్కను. యాప్రాల్‌లో మా చెల్లెలింటికి బస్సులోనే పోతాను.”

“విన్నావా? ముప్పై ఏళ్లుగా నా వెనక కూర్చున్న మనిషి బస్సెక్కుతానంటోంది. అంతా నీ బ్రేకు మహిమ!”

బాలేష్ మొదట స్టూలు తుడిచి, నీడలోకి జరిపి ఆమెను కూర్చోమన్నాడు. తర్వాత చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

“ఇగ మార్చనీకి ఏం మిగల్లే సార్. బ్రేకు షూలు కొత్తయేసిన. డ్రమ్ము లేత్ మీద పట్టిచ్చిన. రాడ్ టైట్ జేసిన. పొద్దుగాల గండిమైసమ్మ దాంక వొయ్యొచ్చిన. లారీ అడ్డమొస్తె ఆడికాడనే ఆగింది.”

“నువ్వు తొక్కితే ఆగుతుంది. నేను తొక్కితే ఆగదు.”

“బండికి మనుషులు ఎర్కుంటరా సార్?”

కామేశ్వరమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. వెంకటరామయ్య నవ్వలేదు.

ఆ పాత బుల్లెట్‌కు గేరు కుడికాలి కింద, వెనక బ్రేకు ఎడమకాలి కింద. ముందు బ్రేకు పడితే బండి పల్టీ కొడుతుందని ఆయన భయం. ఇద్దరు మనుషులతో సహా అంత బరువునూ ఆయన ఒక్క ఎడమకాలితోనే ఆపాలి.

“ముందటి బ్రేకు గూడ పట్టుర్రి సార్. గింత బరువు బండికి రెండూ గావాలె.”

“ముందుది ముట్టుకోను. నువ్వు వెనకదాని సంగతి చూడు.”

బాలేష్ సుద్దముక్క తీసుకుని షెడ్డు ముందు మట్టిబాటకు అడ్డంగా ఉన్న సిమెంటు పలక మీద గీత గీశాడు.

“చూడుర్రి సార్. ఎనక బ్రేకొక్కటే తొక్కుత.”

కరెంటు స్తంభం దాకా వెళ్లి వేగంగా వచ్చాడు. బుల్లెట్ ముందు చక్రం సుద్ద గీతను తాకీ తాకనట్టు ఆగింది.

“మస్తుగుంది గదా అమ్మా?”

“బాగానే ఉందయ్యా,” అంది కామేశ్వరమ్మ. “ఆయన కూడా అలా ఆపితే ఎక్కుతాను. లేకపోతే బస్సే.”

“ఆపుతాను. ముందు చక్కెర వెయ్యని టీ ఒకటి తాగొస్తాను, గొంతెండిపోతోంది,” అన్నాడు వెంకటరామయ్య.

టీకొట్టుకు వెళ్లాలంటే పక్క ఆవరణ దాటాలి. అక్కడ ద్రాక్షతోటలకు చెక్కపెట్టెలు చేస్తారు. నేలంతా చెక్కముక్కలు, మేకులు.

“పైలం సార్, కింద జూస్కోని నడువుర్రి,” అని బాలేష్ కేకేశాడు. ఆయన చెయ్యి ఊపి, చెక్కల మీదుగానే నడిచి వెళ్లాడు.

“ఆయనకు చెప్పి లాభం లేదు,” అంది కామేశ్వరమ్మ. “మొన్న కూరగాయలకు వెళ్లి ఒక చెప్పుతో తిరిగొచ్చారు. రెండోది ఎక్కడ జారిపోయిందో నేను అడిగేదాకా తెలీదు. అంత పరధ్యానం.”

“మా నాయిన గూడ గంతేనమ్మా. అద్దాలు నెత్తి మీద వెట్టుకోని ఇల్లంత లెంకుతడు.”

ఇద్దరూ నవ్వుకున్నారు. వెంకటరామయ్య మూతి తుడుచుకుంటూ అదే దారిన తిరిగొచ్చి బండెక్కాడు.

“కామేశ్వరీ, చూస్తూ ఉండు!”

కరెంటు స్తంభం దగ్గర బండి తిప్పాడు. డబడబమని మోతతో వస్తున్నాడు. గీతకు ఇరవై అడుగుల దూరంలో ఆయన పళ్లు బిగించాడు. ఎడమకాలు బలంగా కిందికి నొక్కాడు. బండి వేగం తగ్గలేదు. సుద్ద గీత దాటింది. కామేశ్వరమ్మ స్టూలు మీంచి లేచి పక్కకు తప్పుకుంది. బుల్లెట్ పాత టైర్ల గుట్టను గుద్ది, దగ్గినట్టు రెండుసార్లు ఊగి ఆగిపోయింది.

“చూశావా! ఇప్పుడేమంటావు?” ఆయన బండి మీంచే అరిచాడు. “ప్రాణం పెట్టి తొక్కాను బాలేష్! ఇంకా తొక్కుతూనే ఉన్నాను, చూడు!”

బాలేష్ పరుగెత్తుకొచ్చి బండి పట్టుకున్నాడు. వంగి చూశాడు. ఆయన చెప్పింది నిజమే. ఎడమకాలు ఇంకా గట్టిగా తొక్కుతూనే ఉంది. కానీ బ్రేకు మీద కాదు, పక్కనున్న ఫుట్‌రెస్టు మీద.

ఆ ఫుట్‌రెస్టు నల్ల రబ్బరు మీంచి ఎర్రటి చుక్కలు నేల మీద పడుతున్నాయి. ఆయన హవాయి చెప్పు అడుగున, మడమ దగ్గర మేకు తల ఒకటి మెరుస్తోంది. మిగతా మేకంతా లోపలే ఉంది.

కామేశ్వరమ్మ కూడా వంగి చూసింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఈసారి నవ్వు కాదు.

“సార్, జర కదలకుర్రి,” అన్నాడు బాలేష్ మెల్లగా. “కాల్ల మేకు దిగింది. రక్తం కారుతాంది.”

వెంకటరామయ్య కోపం మరిచిపోయి ఆదుర్దాగా చుట్టూ చూశాడు.

“అయ్యయ్యో, ఎవరి కాల్లో?”