అమ్మమ్మ రాసిన ధన్యవాదాలు

"ఈ చిన్న మడత కార్డు చాలు అమ్మమ్మా. రెండు మాటలేగా," అంది మనవరాలు.

పక్షవాతం వచ్చిన ఎనిమిది నెలలకు మళ్లీ పెన్ను పట్టిన అమ్మమ్మ, షాపులోనే రాయడం మొదలుపెట్టింది. 'ధన్య'తోనే పైపుట నిండిపోయింది. 'వాదా' లోపలి పుటలో ఎలాగో ఇరికినా, 'లు' మాత్రం కౌంటరు బల్ల మీదికి జారింది.

ఇద్దరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. షాపాయనా ఆపుకోలేకపోయాడు.

"ఇటివ్వు, నేను రాస్తా. నా అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి," అంది మనవరాలు.

"నీ ముత్యాలెందుకే? రోజూ నా వేళ్లకి వ్యాయామం చేయించింది ఆ నర్సు పిల్ల. ఈ వంకర గీతలు చూస్తేనే కదా, తన కష్టం ఫలించిందని దానికి తెలిసేది."

మనవరాలు ఒక్క క్షణం ఆ చేతినే చూసింది. తర్వాత షాపాయన వైపు తిరిగింది.

"అన్నిటికన్నా పెద్ద కార్డులివ్వండి. మా అమ్మమ్మ ఇంకా చాలామందికి రాయాలి."