ఆరూ మూడూ పది

"ఆరూ మూడూ ఎంత?"

"పది టీచర్!"

రెండో తరగతి అంతా ఒక్క గొంతుతో అరిచింది. విమలాదేవి నల్లబల్ల మూలకు చూసింది. అక్కడి హాజరు గడిలో బాలికలు ఆరు, బాలురు మూడు, మొత్తం పది అని ఉంది. రాసింది క్లాస్ లీడర్ మనస్విని. రోజూ వచ్చినవాళ్ళను లెక్కబెట్టి, కూడి, అక్కడ రాయడం లీడర్ పని. ఉప్పుగూడ సర్కారు బడిలో విమలాదేవి కూడికలు నేర్పే పద్ధతి అది.

"చింతగింజలు తీయిండ్రి."

పిల్లలు గింజలు పరిచారు. ఇటు ఆరు, అటు మూడు.

"ఇప్పుడు కలిపి చెప్పుండ్రి."

"తొమ్మిది టీచర్."

"మరి బోర్డు మీద?"

"పది టీచర్!"

కూడిక రాకపోతే నేర్పవచ్చు. వచ్చి కూడా తప్పు చెప్పేవాళ్ళకు ఏం నేర్పుతారు? మనస్విని పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. మిగతా పిల్లలంతా ఆ కుందేలు వెనకే.

"ఎవరే ఆ పదో మనిషి?"

"పింటూ" అన్నాడు ఎల్లేష్, కిటికీ పక్కన ఖాళీ చోటు చూపిస్తూ. చాప మీద ఎంత ఇరుకైనా అక్కడ ఎవరూ కూర్చోరు.

"పింటూ ఇప్పుడు మన బడిల లేడు గదరా. టీసీ పోయింది."

పోయింది నిజమే. మొగుడూ పెళ్ళాల తగువు కోర్టుకెక్కింది. తండ్రి కోర్టు కాగితం పట్టుకొచ్చి, టీసీ తీసుకొని, పింటూను పాలమూరు తీసుకుపోయాడు. రిజిస్టర్‌లో పేరు కొట్టేయడం క్లాస్ టీచర్ పని కాబట్టి విమలాదేవే ఎర్రసిరాతో కొట్టేసింది. బడి అన్నాక ఇలాంటివి తప్పవు.

"లేనోళ్ళను గూడ లెక్కల పెట్టుకోవాలని మీరే చెప్పిండ్రు గద టీచర్" అంది మనస్విని.

చెప్పిన మాట కూడా నిజమే. దయ గురించి పాఠం చెబుతూ, రేగుపండ్లు పంచేటప్పుడు రాని దోస్తుకు ఒక వాటా తీసిపెట్టాలని చెప్పింది. దయనూ కూడికనూ ఒకే రేగుపండ్లతో నేర్పితే ఇదిగో, ఇలాగే అవుతుంది.

"అది పండ్ల లెక్క. ఇది హాజరు. టీసీ పోయినోళ్ళు హాజరుల రారు."

విమలాదేవి పది తుడిచి తొమ్మిది రాసింది. సుద్దపొడి పడిందేమో, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

అంతలో పాలమూరు బండి కూత వేసింది. స్టేషన్ దగ్గరే కాబట్టి బండి దాటేదాకా పాఠం ఎవరికీ వినబడదు. ఆమె ఆగింది. పిల్లలంతా కిటికీ వైపు తిరిగారు.

"టీచర్, పింటూ గీ బండిల వస్తడా?" అడిగింది సోనీ.

"ఇది పొయ్యే బండి."

"మరి వచ్చే బండిల?"

"పలకలు తీయిండ్రి" అంది విమలాదేవి.

పింటూ పోయినప్పటి నుంచీ ఆ గదిలో దిగులు గూడు కట్టుకుంది. నవ్వినా, ఆడినా, చివరికి ఎవరో ఒకరు వాడి పేరు ఎత్తుతారు.

సాయంత్రం హెడ్మాస్టర్ బాబురావు తలుపు దగ్గర నిలబడ్డాడు.

"మేడం, రేపు తనిఖీ ఉంది. హాజరు పక్కాగ ఉండాలె. ఒక్క పిల్లగాడిని ఎక్కువ చూపించినా మధ్యాహ్న భోజనం బియ్యం మనం తిన్నమంటరు. ఇప్పుడు మీకు ఈ నౌకరీ ఒక్కటే ఆసరా. జర చూసుకోండ్రి."

విమలాదేవి మనస్వినిని పిలిచి గట్టిగా చెప్పింది. మనస్విని తల ఊపింది. పిల్లల తల ఊపుడుకు అర్థం వాళ్ళకే తెలియాలి.

మర్నాడు తనిఖీ అధికారి రామలింగం నేరుగా నల్లబల్ల దగ్గరికే వచ్చాడు. బాలికలు ఆరు, బాలురు మూడు, మొత్తం పది.

విమలాదేవి గబగబా డస్టర్ అందుకుంది.

"ఉండండి మేడం" అంటూ ఆయన వేలితో తలలు లెక్కబెట్టాడు. "తొమ్మిది మందే ఉన్నారు. పదో పిల్లవాడేడీ? లేనివాడి పేరు మీద అన్నం వండిస్తున్నారా?"

"లేదు సార్. వంటకు తొమ్మిదే పంపిన."

"బోర్డు మీద పది ఉంది. నేను రిపోర్టు రాయక తప్పదు." ఆయన జేబులోంచి పెన్ను తీశాడు.

మనస్విని లేచి చేతులు కట్టుకుంది.

"టీచర్ తప్పు గాదు సార్. నేనే రాసిన."

"ఆరూ మూడూ ఎంత బిడ్డా?"

"తొమ్మిది సార్. మాకందరికీ తెల్సు."

"తెలిసి పది ఎందుకు రాసినవు?"

"పింటూను గూడ కలిపినం సార్. వాడు టీసీ తీసుకొని పోయిండు." మనస్విని టీచర్ వైపు ఒకసారి చూసింది. "తొమ్మిది రాసినప్పుడల్లా మా టీచర్ ఏడుస్తది. సుద్దపొడి అంటది గానీ, ఏడుస్తది సార్."

విమలాదేవి గోడ వైపు తిరిగిపోయింది. ఆయన పెన్ను ఆగింది. ఏటా ఎందరో పిల్లలు బడి మారుతుంటారు. ఒక్కడి కోసం టీచర్ ఇంత ఏడవడమేమిటో ఆయనకు అంతుపట్టలేదు. బాబురావును పక్కకు పిలిచి అడిగాడు.

"ఎవరండీ ఈ పింటూ?"

"మేడం కొడుకు సార్."