ఎదురు నూగు

“అమ్మాయ్, మిషను ఆపు!”

కుట్టు షెడ్డంతా ఉలిక్కిపడింది. అరిచింది వారం క్రితం ఊడ్చే పనికి చేరిన ముసలావిడ.

మేనేజరు అద్దాల గదిలోంచి ఒక్క ఉదుటున బయటికొచ్చాడు. తప్పులున్నాయని రెండు లోడ్ల వెల్వెట్ కోట్లు అప్పటికే తిరిగొచ్చాయి. ఈ లోడూ వెనక్కొస్తే షెడ్డుకు తాళమే. నలభైమంది ఆడవాళ్లు, ముగ్గురు కటింగ్ మాస్టర్లు, వాళ్లతోపాటు తనూ రోడ్డున పడాలి.

“ఆపమనడానికి నువ్వెవరు?”

“కోటు చేతికి వెల్వెట్ నూగు ఎదురు తిరిగింది బాబూ. ఒకే కోటు రెండు రంగుల్లో కనిపిస్తుంది.”

“కత్తిరించింది మాస్టరుగారు. నీకేం తెలుసు?”

“మీరే నిమిరి చూడండి.”

నిమిరాడు. కోటు ముందు ముక్క మెత్తగా జారింది. చేతి ముక్క గరుగ్గా తగిలింది.

మిషను ముందున్న అమ్మాయి వైపు తిరిగాడు.

“నీకు తెలీలేదా?”

“పొద్దుట్నుంచీ తెలుసు సార్.”

“మరి చెప్పవేం?”

“కటింగ్ బల్ల దగ్గరికి మేం వెళ్లకూడదుగా సార్. ఇచ్చింది కుట్టడమే.”

ఆ రూలు పెట్టింది తనే. మాస్టర్ల గౌరవం నిలవాలని పెట్టాడు. నష్టం ఎక్కడుందో తెలియక దారాన్ని తిట్టాడు, మిషన్లను తిట్టాడు పాపం, తన నోటి మాటను తప్ప.

ఆ మధ్యాహ్నమే కటింగ్ బల్లను మిషన్ల మధ్యకు లాగించాడు. తప్పు కనిపిస్తే ఎవరైనా పని ఆపొచ్చన్నాడు. పెద్ద మాస్టరు మూతి ముడుచుకుని రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు ఒకమ్మాయి ఆయన కత్తెర ఆపించి గజం గుడ్డ మిగిల్చింది. అప్పట్నుంచి ఆ పిల్లను అడగందే ఆయన గీత గియ్యడు.

లోడు వెనక్కి రాలేదు. ఏడాది తిరిగేసరికి పక్కనే ఇంకో షెడ్డు లేచింది.

ముసలావిడ మాత్రం నెలలోపే రావడం మానేసింది. హడావుడిలో ఎవరూ అడగలేదు. కొత్త షెడ్డులో కటింగ్ ఎవరికి అప్పగించాలా అనుకున్నప్పుడు గుర్తొచ్చి, మేనేజరు సిగ్గుపడ్డాడు.

ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాడు. గొంతు విన్నాకగానీ ఆమె గుర్తుపట్టలేదు.

“కొత్త షెడ్డులో కటింగ్ బల్ల మీదేనమ్మా.”

“ఆలస్యం చేశారు బాబూ. చూపు పూర్తిగా పోయింది.”

నవ్వుతూనే అంది. తడుముకుంటూ కుర్చీ జరిపి కూర్చోమంది.

“ఇంత పని తెలిసి చీపురెందుకు పట్టారు?”

“ఈ వయసులో ఇంకేం పనిస్తారు? నా పక్కన కుట్టినవాళ్ల కూతుళ్లే ఇప్పుడక్కడున్నది. షెడ్డు మూతపడుతుందని విన్నాక ఇంట్లో కాలు నిలవలేదు.”

“మా షెడ్డులో కుట్టేవారా? మరి ఎందుకు మానేశారు?”

“మానలేదు బాబూ,” అతని చెయ్యి వెతికి పట్టుకుంటూ మెల్లగా అంది ఆమె, “కటింగ్ తప్పని చెప్పినందుకు అప్పట్లో మీరే తీసేశారు.”