యాకోబు డిస్కు

నవీన్‌కుమార్ చెయ్యి పడిందంటే తాండూరులో ఎంత ముసలి కంప్యూటరైనా చిటికెలో లేచి కూర్చుంటుంది. ఈసారి అక్క జ్యోతిరాణి ఇంట్లో కూర్చుని, కంప్యూటరును లేపే లినక్స్ బూట్ ఇమేజ్‌లోంచి, పరికరాలను గుర్తుపట్టే డ్రైవర్లలో పనికిరానివాటిని ఒక్కొక్కటే పీకేస్తున్నాడు.

“గిది దేనికి తమ్మీ?”

“బావ పాటలున్న పాత డిస్కును గుర్తువట్టేటందుకు. గా డిస్కే లేదు గదక్కా, తీసేస్తున్న.”

భర్త యాకోబును పూడ్చిన రోజు ఆ డిస్కును శవపెట్టెలో అతని ఛాతీ మీద పెట్టింది జ్యోతిరాణే.

“ఉండనియ్యి.”

“ఎందుకక్కా? అది మల్ల రాదు.”

“వస్తె గుర్తువట్టద్దా?”

నవీన్ ఆ ఒక్క డ్రైవరునూ అలాగే ఉంచి, కంప్యూటరు ఆన్ చేశాడు. ఇద్దరి చాయ్‌లూ చల్లారాక గాని అది లేవలేదు.

మొదట ‘చిటికెలో’ అన్నది ఈ కథ చెప్పే నేను కోసిన కోత. ‘వస్తె గుర్తువట్టద్దా’ అన్న ఆమె మాట మాత్రం నాది కాదు.