గ్లాసు జాగ్రత్త

“తలుపు పక్కనున్న ఆ ఎమర్జెన్సీ లీవరు మాత్రం ముట్టుకోకమ్మా” అని కామరాజు మామయ్య కారు బయటినుంచి అరిచాడు.

నేను లోపల ఇరుక్కుపోయాను. సీతాఫల్‌మండిలో నా పరీక్షా కేంద్రం ముందు ఆయన కారు దిగగానే కారు తెర ఆరిపోయింది, తలుపులు బిగుసుకున్నాయి. కొత్త కరెంటు కారుకి ఇది మొదటిసారేం కాదు.

“లాగితే తలుపు తెరుచుకుంటుంది మామయ్యా.”

“కరెంటు లేనప్పుడు లాగితే కిటికీ గ్లాసు పగుల్తుందట. లక్షన్నర. కంపెనీ ఇంజనీరు యాప్రాల్ నుంచి బయల్దేరాడు, కాసేపు కూర్చో.”

వాచ్‌మన్ గేటు మీద చెయ్యి వేశాడు. “సార్, గేటు బంద్ చేస్తున్న. నిమిషం లేటైనా లోపలికి పంపరు. పిల్లను జెర బయటికి తియ్యుండ్రి.”

“పరీక్ష వచ్చే ఏడాదైనా రాసుకోవచ్చయ్యా. ఈ గ్లాసు విదేశం నుంచి ఓడలో రావాలి.”

మామయ్య గ్లాసుకు నుదురు ఆనించాడు. నా గురించి కంగారు పడుతున్నాడనుకున్నాను. కానీ ఆయన చూపు నా మీద లేదు, గ్లాసు అంచు మీద ఉంది.

ఆయన ఇంట్లో ఉండి చదువుకుంటున్నాను. ఏనాడూ ఎదురు చెప్పలేదు. లీవరు లాగాను.

తలుపు తెరుచుకుంది. గ్లాసుకు గీత కూడా పడలేదు. అయినా మామయ్య వంగి, ఎక్కడో పగిలే ఉంటుందన్నట్టు వేళ్ళతో తడుముతున్నాడు.

“వెళ్ళొస్తాను మామయ్యా.”

“తలుపు మెల్లిగా వెయ్యమ్మా” అన్నాడు తలెత్తకుండా.

నేను వెయ్యలేదు. దాన్ని బార్లా వదిలేసి, మూసుకుంటున్న గేటు సందులోంచి లోపలికి దూరాను.