పొట్టి తూటా

"ఈ తూటాలు నా క్లాసు పిల్లల చేతికి నేనియ్య," అంటూ గీతాంజలి డబ్బాను బల్ల మీద పెట్టింది. పెట్టడమంటే కొట్టినట్టే పెట్టింది.

ఈశ్వరరావు సెల్‌ఫోను చెవి దగ్గర్నించి తియ్యలేదు. అవతల ఎవరో షేర్ల ధరలు చెబుతున్నారు. ఆ రోజుల్లో సింగపూర్‌లో డాట్‌కామ్ షేరు కొననివాణ్ణి చేతకానివాడి కింద కట్టేవారు. కాల్చేసిన తూటాల ఖాళీ గొట్టాలు ఏరి, మళ్ళీ మందు కూరి, షూటింగ్ క్లబ్బుకు ఖర్చు తగ్గించే పని ఆయనది. పొదుపు పేరు చెబితే క్లబ్బులో ఎవరూ నోరెత్తరు. పొద్దుట్నుంచీ ఆయనకు ఒక చేతిలో ఫోను, ఒక చేతిలో తూటా మందు.

మాట్లాడడం అయ్యాక, ఏవిటమ్మాయ్ నీ గొడవ అన్నాడు.

గొడవ ఇదీ. క్లబ్బులో రివాల్వర్లు రెండు రకాలు, చిన్నవీ పెద్దవీ. పొట్టి తూటా రెండింట్లోనూ పడుతుంది. ఘాటు మందున్న పొడుగు తూటా పెద్దదాంట్లోనే పడుతుంది. చిన్నదాంట్లో దూర్చబోతే వెనక భాగం బయటే ఉండిపోయి సిలిండరు మూసుకోదు. దాన్ని పొడుగ్గా చేసిందే అందుకు, పొరపాటున కూడా చిన్నదాంట్లో పేలి అది పగిలిపోకూడదని. ఈశ్వరరావు ఆ అడ్డు కాస్తా తీసేశాడు. తన పెద్ద రివాల్వరుకి పొడుగు గొట్టాలు అయిపోయాయని పొట్టి గొట్టాల్లోనే ఘాటు మందు కూరాడు. వాటినీ మామూలు వాటినీ ఒకే రకం డబ్బాల్లో, ఏ గుర్తూ లేకుండా పక్కపక్కన పేర్చాడు.

కాసేపట్లో కావ్యశ్రీ, ఆమెతో యూనివర్సిటీ నుంచి వచ్చిన మరికొందరు తెలుగు పిల్లలు జీవితంలో మొదటిసారి తుపాకీ పట్టుకోబోతున్నారు. చిన్నది. నేర్పేది గీతాంజలి.

"ఘాటువి ఏ డబ్బాలల్ల ఉన్నయో చెప్పుండ్రి అంకుల్."

"నాకు గుర్తుందిలే. నీవాళ్ళకి మామూలువే ఇచ్చాను."

"ఫోన్‌ల మాట్లాడుకుంట కూరిండ్రు. నేను చూసిన. ఏది ఏదో మీకే తెల్వది."

"తప్పులెతకడవే నీ ఉద్యోగమా?"

"అవు అంకుల్. తంజోంగ్ పగార్‌ల గందుకే జీతమిస్తున్నరు."

అది నిజమే. అక్కడో కంపెనీలో ఆమె సాఫ్ట్‌వేర్ టెస్టర్. ఈశ్వరరావు పగలబడి నవ్వాడు. కంప్యూటర్ల పిల్లకి తుపాకుల సంగతేం తెలుసన్నాడు. ఒకటో రెండో అటూఇటూ అయినా ఇనుము ఇనుమే, తట్టుకుంటుందన్నాడు. కావాలంటే అధ్యక్షురాలు మేడమ్ టాన్‌కి చెప్పుకోమన్నాడు.

"ఆవిడ రుజువడుగుతుంది. ఏం చూపిస్తావ్? పైకి అన్నీ ఒక్కలాగే ఉంటాయి. వెళ్ళమ్మా వెళ్ళు, ఏమీ కాదు."

ఏమీ కాదు. పెద్దమనుషుల నోట ఈ మాట విన్నప్పుడల్లా గీతాంజలికి అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఏమన్నా అయితే అయ్యేది తమకు కాదు కదా, అందుకని వాళ్ళకెప్పుడూ ఏమీ కాదు. తలుపు అద్దంలోంచి కావ్యశ్రీ కనిపిస్తోంది. చెవులకు పెట్టుకునే మఫ్స్ మెడలో వేసుకుని, వేళ్ళు విరుచుకుంటూ తన వంతు కోసం చూస్తోంది.

గోడ అవతల రేంజిలో ధన్ ధన్ మని మోత మొదలైంది. గీతాంజలి అటు చెవి పెట్టింది.

"సరే అంకుల్. ఏం గాదంటే ఏం గాదు. మీ కొడుకు ప్రణవ్ గూడ ఇందాక ఈ వరసలకెల్లే ఒక డబ్బా పట్కపోయిండు. కాలుస్తుండు."

"వాడి దగ్గరుంది పెద్దదేగా?"

"అది రిపేర్ల ఉన్నదంటే నా చిన్నది ఇచ్చిన."

ఫోను కింద పడింది. దాన్ని దాటుకుని, కుర్చీ తన్నేసి ఈశ్వరరావు పరిగెత్తాడు. కాల్పులు ఆపించే ఎర్రదీపం మీట తనే నొక్కాడు. మఫ్స్ పెట్టుకున్న ఒక్కొక్కడి పక్కకీ వెళ్ళి రెండు చేతులూ ఊపాడు. కాల్చకండి, ఎవరూ కాల్చకండి అని తెలుగులో అరిచి, అందరికీ తెలుగు రాదని గుర్తొచ్చి ఇంగ్లీషులో అరిచాడు. రేంజి మొత్తం ఆగిపోయింది. చివర నిలబడి గురి చూసుకుంటున్న మేడమ్ టాన్ తుపాకీ దించి, ఎందుకని అడిగింది.

పొట్టి తూటాల్లో ఘాటువి కలిసిపోయాయనీ, చిన్న తుపాకీలో పేలితే కాల్చినవాడి చెయ్యి పోతుందనీ, ఏ డబ్బా ఏదో తనకే తెలీదనీ ఆయన ఆయాసపడుతూ చెప్పాడు. ఆవిడ మళ్ళీ చెప్పించుకుంది. ఆయన మళ్ళీ చెప్పాడు. చెబుతూనే కొడుకు కోసం వరస మొత్తం వెతుకుతున్నాడు.

ప్రణవ్ క్యాంటీన్ వైపు నుంచి వచ్చాడు, చేతిలో సగం కొరికిన కర్రీపఫ్‌తో.

"వై షౌటింగ్, పా? మకాన్‌కి, తినడానికి వెళ్ళా లాహ్. ఇంకా గన్ కూడా తీస్కోలేదు."

ఈశ్వరరావు మెల్లగా వెనక్కి తిరిగాడు. గీతాంజలి తలుపు దగ్గర నిలబడి ఉంది.

"మరి డబ్బా..."

"యాడికి పోలే అంకుల్. టెస్ట్ చేసిన. తప్పు దొరికింది."